పాత బండి పోతే ఏ బండి?



ఈ వేళ పైరు సంగతీ, పురుగు సంగతీ కాక, పండిన పంటను మండీకి చేర్చే బండి సంగతి కాస్త మాట్లాడుకుందాం.

2005వ సంవత్సరంలో టాటా ఏస్ అనే చిన్న సరుకు బండి బజారులోకి వచ్చింది. రెండు సిలిండర్ల డీజిలు ఇంజను, నాలుగు చక్రాలు, ముప్పాతిక టన్ను సరుకు. ఛోటా హాథీ అని దానికి పేరు పడింది. పొలం గట్టు దాకా వచ్చేది, ఊరి సందుల్లో తిరిగేది, పల్లె మేస్త్రీ చేతికి లొంగేది. ఎందరో రైతుల ఇళ్ళలో అది ఎద్దుల జతతో సమానమై పోయింది. ఇప్పుడా తొలినాటి బండ్లు ముసలివయినవి. ఎనిమిదేండ్లు దాటిన సరుకు బండికి ఏటేటా ఎఫ్.సి. చేయించాలి. పోయిన ప్రతిసారీ ఏదో ఒక ఖర్చు కనబడుతూనే వుంటుంది.

మా పెద్దమ్మ కొడుకు ఒకాయన మదనపల్లె దగ్గర టమాటా పండిస్తాడు. పోయిన కాపులో ఆయన బండి నిండు సరుకుతో దారిలో ఆగిపోయింది. ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి, "తమ్ముడూ, అదే బండి మళ్ళీ దొరుకుతుందా? లేకపోతే ఈసారి బొలేరో పికప్పే తీసుకుందామా?" అని అడిగాడు. ఆయనా నేనూ కూర్చుని వేసిన లెక్కలే మీకు ఇప్పుడు చెప్పబోతున్నాను.

మొదటి మాట. పాత బండే కొత్తగా దొరకాలంటే కుదరదు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో బి.ఎస్. 6 నిబంధన వచ్చింది. దానితో ఇంజన్లు మారినవి. పేరు అదే అయినా లోపలి యంత్రం వేరు. కనుక పేరును బట్టి కాదు, మన పనిని బట్టి ఎంచుకోవాలి.

ఇక బరువు లెక్క. ఆర్.సి. కాగితంలో రెండు అంకెలు వుంటాయి. ఒకటి ఖాళీ బండి బరువు, రెండోది నిండు బరువు. రెండోదాంట్లో నుంచి మొదటిది తీసివేయండి. 750 కిలోలు వచ్చిందనుకోండి. అంతా సరుకే వేయవచ్చునా? వేయరాదు. చట్టం చెప్పే ఖాళీ బరువులో డ్రైవరూ, పక్కన కూర్చునే మనిషీ చేరరు. ఇద్దరికీ 130 కిలోలు తీసివేస్తే 620 మిగిలింది. మన క్రేటులో 25 కిలోల కాయ, క్రేటు బరువు 2 కిలోలు అనుకుందాం. అంటే 27. ఆ లెక్కన 22 క్రేట్లు పడతాయి. మా అన్న ఇన్నాళ్ళూ 40 వేశాడు! "మరి లాగింది గదా?" అన్నాడు. లాగటం వేరు, ఆగటం వేరు. పల్లంలో బ్రేకు పట్టనినాడు ఆ 18 క్రేట్లు మనిషి ప్రాణం మీదికి తెస్తాయి. అదీగాక మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం అధిక బరువుకు 20,000 రూపాయల జరిమానా, ఆపైన అదనపు టన్నుకు మరి 2,000.

అయితే పెద్ద బండి కొంటే సరిపోతుంది గదా అంటారు. టన్నుంబావు ఎత్తే అశోక్ లేలాండ్ దోస్త్ 2011లోనే వచ్చింది. టాటా ఇంట్రా 2019లో వచ్చింది. బొలేరో పికప్పు అంతకన్నా ఎక్కువ ఎత్తే రకాల్లోనూ వుంది. మంచి బండ్లే. కాని పెద్ద బండికి అప్పు కూడా పెద్దదే.

నూటికి పది వడ్డీ చొప్పున, అయిదేండ్ల గడువుతో, 5 లక్షల అప్పుకు నెల వాయిదా సుమారు 10,600 రూపాయలు. 8 లక్షలకు 17,000. తేడా నెలకు 6,400 దాకా. ఏడాదికి 76,000 పైమాటే. పంట డబ్బు కాపు వున్న నెలల్లోనే వస్తుంది. వాయిదా మాత్రం పన్నెండు నెలలూ వస్తుంది. టమాటా ధర పడిపోయిన నెలలో కూడా ఆ తేదీ ఆగదు.

మా అన్న ఏనాడు ఎన్ని క్రేట్లు దిగాయో ఒక నోటు పుస్తకంలో వ్రాసుకుంటాడు. అది తెప్పించి చూచాం. చిన్న బండి రెండు తిరుగుళ్ళకు కూడా లొంగని రోజులు ఏడాదిలో 19 తేలినవి. ఆ రోజుల్లో పెద్ద బండి బాడుగకు పిలిస్తే, ఆ దారికి 2,500 చొప్పున 47,500 అవుతుంది. మండీ పన్నెండు కిలోమీటర్లే కనుక రెండో తిరుగుడుకయ్యే ఇంధనం కలిపినా 76,000 దాటదు. కాబట్టి ఆయనకు చిన్న బండే లాభం. మీ మండీ అరవై కిలోమీటర్లుంటే, రోజూ వంద క్రేట్లు దిగుతుంటే, ఈ లెక్క తలక్రిందవుతుంది. అప్పుడు పెద్దదే కొనండి. ఎవరి పుస్తకం వారికి ప్రమాణం.

ఇంధనం సంగతి. బి.ఎస్. 6 డీజిలు బండ్లలో చాలావాటికి పొగ గొట్టంలో మసిని పట్టే జల్లెడ వుంటుంది. ఇంజను బాగా వేడెక్కి కొంతదూరం నడిస్తేనే ఆ మసి కాలిపోతుంది. రోజూ రెండు మూడు కిలోమీటర్లు మెల్లగా తిరిగే బండిలో అది పూడుకొనిపోతుంది. అటువంటి పనికి పెట్రోలు బండి నయం. గ్యాసు బండి చౌకే; బంకు ఎంత దూరమో, అక్కడ వరుస ఎంతసేపో చూచుకోండి. కరెంటు బండికి సరుకు పెరిగినకొద్దీ, ఎత్తు ఎక్కినకొద్దీ ఒక చార్జీతో పోయే దూరం తగ్గుతుంది. కంపెనీ చెప్పిన దూరం మొత్తం నమ్ముకొని బయలుదేరకండి.

కొనేముందు బండిని మీ పొలానికి తెప్పించండి. మీ సరుకే ఎత్తించి, మీ దారినే నడపండి. గుంతలో కింది భాగం తగులుతుందా? మలుపు ఒక్కసారికే తిరుగుతుందా? తొట్టి మరీ ఎత్తయితే క్రేట్లు ఎత్తే ఆడకూలీల భుజాలు ఏమవుతాయి? విడిభాగాలు దగ్గరి పట్నంలో దొరుకుతాయా? ఈ నాలుగూ అడగండి.

కాగితాల విషయం. నిండు బరువు 3,000 కిలోలు మించని సరుకు బండికి పర్మిట్టు అక్కరలేదని కేంద్ర చట్టం చెబుతున్నది. అది దాటితే కావాలి. లైటు మోటారు వాహనం లైసెన్సుతో 7,500 కిలోల లోపు సరుకు బండి నడపవచ్చునని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. 2024 నవంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దానినే ఖాయపరచింది. ఇక కూలీలను తొట్టిలో ఎక్కించుకోవద్దు. సరుకుతో వెళ్ళే సరుకు యజమానికీ, అతని ప్రతినిధికీ ఇన్సూరెన్సు వర్తిస్తుంది గాని, ఊరికే ఎక్కించుకున్న మనుషులకు వర్తించదు. ప్రమాదం జరిగితే ఆ పరిహారం మీ పొలం మీద పడుతుంది.

చివరి మాట, అన్నిటికన్నా ముఖ్యమైనది. మా అన్న తన పాత బండిని పక్కవూరి కుర్రవాడికి తెల్లకాగితం మీద సంతకం చేసి ఇవ్వబోయాడు. "పదేండ్లు అన్నం పెట్టిన బండి, తెలిసినవాడి చేతికే పోతున్నది" అని ఆయన తృప్తి. నేను పడనివ్వలేదు. ఆర్.సి.లో మీ పేరు వున్నంతకాలం చట్టం దృష్టిలో యజమాని మీరే. ఆ బండి ఎవరినైనా గుద్దితే బాధ్యత మీదేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కనుక 29, 30 ఫారాలు పూర్తిచేయండి. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలియజేయాలి. పేరు మారిన కాగితం కంటితో చూచేదాకా నిద్రపోకండి.

మా అన్న చిన్న బండే తీసుకున్నాడు. ఇప్పుడు 22 క్రేట్లకు ఒక్కటి ఎక్కువ వేయనివ్వడు. మీరూ ఈ రాత్రే మీ నోటు పుస్తకం తీసి లెక్క చూడండి. పుస్తకం లేదా? రేపటి కోత నుంచి మొదలుపెట్టండి; ఒక్క కాపు వ్రాస్తే చాలు, ఏ బండి కొనాలో అదే చెబుతుంది.