ట్రాక్టరు చక్రానికి చోటు



యాగంటి బసవన్నను చూడనివారు మన నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతంలో అరుదు. ఒకప్పుడు జనం ఆ బసవన్న చుట్టూ ప్రదక్షిణం చేసేవారనీ, రానురాను విగ్రహం పెరిగి, స్తంభాలకూ విగ్రహానికీ మధ్య మనిషి దూరే సందు లేకుండా పోయిందనీ పెద్దలు చెబుతారు. చోటు చాలక ఒక స్తంభాన్ని తీసివేశారని కూడా అంటారు. ఇవాళ నేను చెప్పదలచింది ట్రాక్టరు టైర్లను గురించి. అయినా ఆ మండపం ఎందుకు గుర్తుకు వచ్చిందంటే, ఉన్నదానికన్న పెద్ద టైరు వేయించుకొనే రైతుకు వచ్చే చిక్కు సరిగ్గా అదే. టైరు పెరుగుతుంది, దాని చుట్టూ ఉన్న ఇనుము పెరగదు. స్తంభం తీసినట్లు మడ్‌గార్డు తీసివేద్దామా అంటే, నడిపేవాడి కాలికీ చక్రానికీ మధ్య అడ్డం అదొక్కటే.

నా సంగతే చెబుతాను. నా బండికి వెనుక 13.6-28 టైర్లు ఉండేవి. అరిగిపోయినవి. ఒకచోట 14.9-28 జత, వాడినవే గాని పళ్ళు బాగా ఉన్నవి, సగం ధరకు దొరికినాయి. రెండిటికీ చివర 28 ఉంది గదా, రిమ్ముకు పడుతుంది అన్నారు. పడింది కూడా. పెద్ద టైరైతే రేగడిలో పట్టు ఎక్కువ, బండి ఎత్తుగా ఉంటుంది అని నేనూ సంబరపడ్డాను. ఇంటి ముందు తిప్పి చూస్తే ఎక్కడా తగల్లేదు. మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య రెండు వేళ్ళు దూరేంత సందు ఉంది. చాలుననుకొన్నాను.

కాలువకు నీళ్ళు వచ్చి, దమ్ముకు కయ్యలో దిగిన తరువాత తెలిసింది. నాలుగు చుట్లు తిరిగేసరికి రబ్బరు కాలిన వాసన. దిగి చూస్తే ఆ రెండు వేళ్ళ సందులో నల్లమట్టి ఇటుకలాగా బిగిసి ఉంది. గడ్డపారతో పొడిచి తీయడం, మళ్ళీ నాలుగు చుట్లు, మళ్ళీ పొడవడం. పొద్దు వాలేటప్పుడు గట్టు దగ్గర రోటావేటరు ఎత్తి మలుపు తిప్పితే, దాన్ని మోసే కింది చేయి పక్కకు ఊగి టైరు లోపలి బుగ్గను చెక్కింది. లోపలి దారాలు బయటపడ్డాయి. ఆ టైరు అంతటితో సరి. దమ్ము రోజుల్లో ఇంకొకరి బండి దొరకడం ఎంత కష్టమో మీకు నేను చెప్పనక్కరలేదు. నాలుగు రోజులు కాలువ నీళ్ళు పొలంలో నిలబడి ఉండగా, మడిలో నారు ముదిరిపోతూ ఉండగా, నేను బండి పక్కన కూర్చున్నాను. చూడవచ్చిన మెకానిక్కు ఒక్క మాట అన్నాడు: "అన్నా, టైరు చూసుకొన్నావు సరే, దాని చోటు చూసినావా?"

ఆ చోటు ఎలా చూడాలో ఇప్పుడు చెబుతాను.

టైరు మీద 13.6-28 అని ఉంటే, మొదటి అంకె టైరు వెడల్పు అంగుళాలలో. రెండవది రిమ్ము అడ్డుకొలత. చివరి అంకె కలిసినంత మాత్రాన టైరు కుదిరినట్లు కాదు. 13.6 నుంచి 14.9కు పోతే వెడల్పు 1.3 అంగుళాలు పెరుగుతుంది. అంటే ఒక్కొక్క పక్కకు ముప్పాతిక అంగుళానికి కొంచెం తక్కువ. ఇది చాలామందికి తోస్తుంది. తోచనిది ఏమిటంటే, ఎత్తు కూడా పెరుగుతుంది. 13.6-28 నిలువునా సుమారు 1310 మిల్లీమీటర్లు ఉంటే, 14.9-28 సుమారు 1365 ఉంటుంది. అందులో సగం, అంటే అంగుళం పైచిలుకు, మడ్‌గార్డు కింది సందులోనుంచి పోతుంది. రిమ్ము వెడల్పు సంగతి వేరే ఉంది. అది రిమ్ము మీదనే డబ్ల్యూ 11, డబ్ల్యూ 12 అని కొట్టి ఉంటుంది. ఏ టైరుకు ఏ రిమ్ము అనేది టైరు కంపెనీ పట్టికలోనూ, బండితో ఇచ్చిన పుస్తకంలోనూ ఉంటుంది. ఇరుకు రిమ్ము మీద వెడల్పు టైరు ఎక్కించితే నడుమ ఉబ్బుతుంది, నేలమీద సమంగా ఆనదు.

ఇంకొక మోసం ఉంది. మనం సందు కొలిచేది అరిగిన పాత టైరు బండికి ఉండగా. అదే కొలత కొత్త టైరు తెచ్చినా దాని పళ్ళు నిండుగా ఉంటాయి గనుక అరిగినమేర సందు తగ్గుతుంది. వరి పొలానికని అమ్మే టైర్ల పళ్ళు ఇంకా పొడుగు. పైగా కొత్త టైరు గాలి పట్టి కొంతకాలం నడిచిన తరువాత కొద్దిగా సాగుతుంది కూడా. బసవన్నలాగా ఏళ్ళూ పూళ్ళూ పట్టదు, ఒక్క కారులోనే.

మరి ఎంత సందు ఉండాలి? ఇసుక నేలవాళ్ళకు ఏమో గాని, మన రేగడికి, బండి కదలకుండా నిలిచి ఉన్నప్పుడు చుట్టూ నాలుగు వేళ్ళు అడ్డంగా దూరకపోతే నేను ఆ టైరు వేయించను. వేళ్ళు పెట్టి చూడవలసింది పైన మాత్రమే కాదు. మడ్‌గార్డు లోపలి బోల్టుల తలలు, పనిముట్టును మోసే కింది చేతులు, వాటి చెక్ చైన్లు, ఇవన్నీ చూడాలి. పనిముట్టును తగిలించి, పైకెత్తి, దాన్ని చేత్తో ఎడమకూ కుడికీ నెట్టి చూడండి. చైను వదులుగా ఉంటే అక్కడే తెలిసిపోతుంది. టైరులో గాలి పొలానికి తగ్గించినప్పుడు బుగ్గ ఉబ్బుతుందని కూడా మరువవద్దు.

వెనుక చక్రం లోపలికి మరీ దగ్గరగా ఉంటే, చాలా బండ్లకు రిమ్మునూ డిస్కునూ తిప్పి బిగించి చక్రాన్ని బయటికి జరపవచ్చు. అలా చేసినప్పుడు టైరు పళ్ళ ములుకు ఎటు చూస్తున్నదో గమనించండి. ఎదురు తిరిగితే ఎడమ చక్రం కుడికి, కుడిది ఎడమకు మార్చాలి. ఇది ఖర్చులేని ఉపాయం. నడుమ ఇనుప దిమ్మెలు పెట్టి బోల్టులు పొడిగించే పద్ధతి మాత్రం నాకు నచ్చదు. బరువంతా బోల్టుల మీద పడుతుంది.

ముందు చక్రాలు. ఇవి తిరిగేవి, ఊగేవి కూడా. పూర్వం వడ్ల ఆచారి బండికి చక్రం తొడిగి, ఇరుసు మీద దాన్ని అటూ ఇటూ ఆడించి చూసిగాని చీల కొట్టేవాడు కాదు. మనం కూడా ఒక ముందు చక్రాన్ని మోకాలెత్తు గట్టు మీదికి ఎక్కించి, స్టీరింగు ఎడమకు చివరిదాకా, కుడికి చివరిదాకా తిప్పి చూడాలి. సమనేల మీద తగలని టైరు అక్కడ తగులుతుంది.

నాలుగు చక్రాలకూ బలం పోయే బండి ఉన్నవారు ఈ మాట జాగ్రత్తగా వినండి. వాటిలో ముందు చక్రాలు వెనుకవాటికన్న 1 నుంచి 5 శాతం ముందంజలో నడిచేటట్లు గేర్లు అమర్చి ఉంటాయి. వెనుక మాత్రమే 14.9 వేస్తే 4 శాతం దాకా అక్కడే పోతుంది. అప్పుడు ముందు చక్రాలు లాగడం మాని ఈడ్వబడతాయి. టైర్లు అరగడమే గాక లోపలి గేర్లకు చేటు. పరీక్ష సులువు. గట్టి మట్టి బాటమీద చక్రాలకు సుద్దతో గుర్తు పెట్టి, ఫోర్ వీల్ తీసి, వెనుక చక్రం 10 చుట్లు తిరిగేలోగా ముందుది ఎన్ని తిరిగిందో లెక్కపెట్టండి. ఫోర్ వీల్ వేసి మళ్ళీ లెక్కపెట్టండి. రెండవసారి కొంచెం ఎక్కువ రావాలి. తక్కువ వచ్చిందా, ఆ టైర్లు ఆ బండివి కావు.

ట్రాలీ సంగతి. బేతంచెర్ల, బనగానపల్లె బండలు తోలేవారు 7.50-16 తీసి 9.00-16 వేయించుకొంటారు. చక్రం పైకి సుమారు అంగుళంన్నర పెరుగుతుంది. ఖాళీ ట్రాలీకి చోటున్నట్లే కనబడుతుంది. బండలు ఎక్కి కమాన్‌కట్టలు అణిగితే తొట్టి వచ్చి టైరు మీద కూర్చుంటుంది. రాసుకొని వేడెక్కిన టైరు ఎక్కడ పేలుతుందో తెలియదు. కాబట్టి బరువు ఎక్కించి, ఒక పక్క చక్రాన్ని గుంటలో దింపి కొలవండి. శివరాత్రికి అదే ట్రాలీలో పిల్లాజెల్లాతో యాగంటికి బయలుదేరే అలవాటు ఇప్పటికైనా మానాలి. అది సరుకు తోలే బండి.

గ్రామ వ్యవసాయ సహాయకులకు ఒక మనవి. దమ్ములో పట్టు చాలదని రైతు పెద్ద టైరు అడిగితే, ముందు ఇనుప కేజ్ వీల్స్ సంగతి చెప్పండి. ఆ కాస్త పనికి అవి చాలు, పొలం దాటి తారు రోడ్డు ఎక్కేముందు విప్పివేయాలి, అంతే. బండి పనిముట్లను గురించి నేర్చుకోదలచిన యువకులను అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థకు పంపవచ్చు.

చక్రం ఏది మార్చినా మొదటి పూట పని అయిన తరువాత నట్లు మళ్ళీ ఒకసారి బిగించండి. అప్పుడే టార్చిలైటు వేసి టైరు లోపలి బుగ్గ చూడండి. ఎక్కడైనా నిగనిగలాడే గీత కనబడిందంటే అక్కడ రాసుకొంటున్నదన్న మాట.