సరకు ముందా, చాటింపు ముందా?
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



నేను బడిపంతులుగా నుండి విరమించినవాడను. వ్యాపారరహస్యములు నాకు తెలియవు. అయినను మగ్గపుగుంట యొద్ద పుట్టి పెరిగినవాడ నగుటచే, ఈ సభలో నిన్నటినుండి జరుగుచున్న చర్చను గూర్చి నాలుగు మాటలు మనవి చేయ సాహసించుచున్నాను.

చర్చాంశ మిది. సంఘనిధిలో చేరిన ధనముతో ధర్మవరపు పట్టుచీరలను గూర్చి దేశవిదేశములందు ప్రకటనలు చేయవలెనా? లేక ఆ ధనమును ముందుగా చీరను బాగుచేయుటకు వినియోగింపవలెనా? బెంగుళూరునందు సాఫ్టువేరు కొలువులు చేయు మన యువకులది మొదటి పక్షము. మగ్గముపై కూర్చుండు పెద్దలది రెండవ పక్షము.

పూర్వపక్షమును తక్కువచేసి చెప్పుట శాస్త్రమర్యాద కాదు. యువకుల మాట యిది: "కంచిచీరకు గల పేరు మన చీరకు లేదు. భౌగోళిక సూచికగా మన చీర నమోదై యున్నను, ఆ సంగతి కొనువా రెరుగరు. జరీ అంచు పట్టుచీరను చేమగ్గమునకే ప్రత్యేకించుచు 1985లో చట్టము వచ్చినను, మరమగ్గపు చీర మన పేరు పెట్టుకొని తిరుగుచున్నది. మనము నోరు మూసికొని కూర్చున్నచో నకిలీవాడే మన పేరున నోరు తెరచును." ఈ మాట సత్యము. దీనిని నేను కాదనను. అయినను చాటింపునకు ముందు చేయవలసిన పని యొకటి కలదని నా సిద్ధాంతము.

ఏండ్ల క్రిందట నా కుమార్తె వివాహమునకు ఒక అంగడిలో పట్టుచీర కొంటిని. అంగడి పేరు చెప్పను. దాని ప్రకటన పటములు మాత్రము ఊరి పొడవునను వ్రేలాడుచుండెను. పెండ్లి ముగిసి చీరను తొలిసారి తడిపినంతనే, అంచులోని యెఱుపు పసుపుపచ్చని నడిమి బట్టలోనికి దిగెను. అడుగగా అంగడివారు నేతగానిదే తప్పనిరి. ఆ నేతగాడు మా బంధువే. "మామా! దారమునకు రంగు వేసియే నా కిచ్చిరి. నేను నేసితిని. చెడినందుకు నా మజూరీలో కోసిరి" అని అతడు చెప్పెను. ఆ పటములకు ఎంత వ్యయమయ్యెనో నే నెరుగను. ఆ దారమును మరి రెండు మారులు మంచినీట జాడించుటకు అంత వ్యయము కాదని మాత్ర మెరుగుదును.

రంగు ఏల దిగును? కారణము మన నేలలోనే కలదు. మనది వర్షచ్ఛాయా ప్రదేశము. సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన. ధర్మవరము 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినను కరవు మాత్రము మనతోడనే యున్నది. చెరువు ఎండగా బోరునీరే గతి యగుచున్నది. అందు పెక్కుచోట్ల లవణము లధికము. అట్టి నీట సబ్బు నురుగు కట్టదు, తెట్టెగా మారి దారమున కంటుకొనును. రంగు ఒకచోట చిక్కగాను, ఒకచోట పలుచగాను పట్టును. ఇంకొక సంగతి. పచ్చిపట్టును ఉడికించి జిగురు తీసినచో తూకమున దాదాపు నాలుగవవంతు తగ్గును. ఆ తరుగునకు వెఱచి జిగురును సగము నిలిపినచో రంగు సరిగా లోనికి దిగదు. జరీయు నిట్లే. పట్టుదారముపై వెండితీగ చుట్టి బంగారుపూత పూసినది మేలిజరీ. రాగితీగది రెండవది. ప్లాస్టిక్కుది మూడవది. అంగడి దీపముల క్రింద మూడును ఒక్కతీరున మెరయును. పేదయింటి పెండ్లికి మూడవదియు కావలసినదే. దానిని మొదటిదని చెప్పి యమ్ముటయే దోషము.

సాఫ్టువేరు నెరిగిన మన యువకులకు వారి విద్యనుండియే యొక దృష్టాంతము చెప్పెదను. 2012 సెప్టెంబరులో ఆపిల్ సంస్థ తన ఫోనులందు సొంత దేశపటముల సాఫ్టువేరును ఘనముగా ప్రకటించి విడుదల చేసెను. అది పెక్కుచోట్ల దారులను, స్థలములను తప్పుగా చూపెను. ఆ నెల 28వ తేదీన ఆ సంస్థాధిపతి టిమ్ కుక్ బహిరంగముగా క్షమాపణ చెప్పి, తమది బాగుపడువరకు ఇతరుల పటములను వాడుడని తమ కొనుగోలుదారులకే సలహా నిచ్చెను. పిమ్మట వారు తప్పులను దిద్దుకొనిరి. సాఫ్టువేరును అమ్మిన తరువాతను దిద్దవచ్చును. అమెరికాలోని పెండ్లిపీటలపై రంగు దిగిన చీరను ధర్మవరమునుండి దిద్దుట కెవ్వరికి సాధ్యము? అంతటి ధనికసంస్థ ఒక అపకీర్తి నోర్చుకొనెను. మజూరీపై బ్రదుకు నేతగాని కుటుంబ మోర్చుకొనగలదా?

అట్లని చీర పరిపూర్ణమగువరకు వేచియుండుడని నేననను. అట్టి చీరను మానవుడు నేయలేడు. అడిగినవారికి సిగ్గుపడక చెప్పదగినంత బాగు చాలును. ప్రభుత్వపు గుర్తులను చూడుడు. 2004లో వచ్చిన సిల్కుమార్కు పట్టు స్వచ్ఛమైనదని చెప్పును. 2006లోని చేనేత గుర్తు చేతితో నేసినదని చెప్పును. 2015 ఆగస్టు 7వ తేదీన వెలువడిన ఇండియా హ్యాండ్‌లూమ్ బ్రాండు నాణ్యతను గూర్చి పూచీ పలుకును. ఇవియు చాటింపులే. అయితే ఇవి పరీక్షకు నిలిచిన సరకునకు చేయు చాటింపులు.

కావున నాలుగు పనులు ప్రతిపాదించుచున్నాను. మొదటిది: సంఘము తరఫున నీటిని శుద్ధిచేసి రంగువేయు ఉమ్మడిశాల యొకటి కట్టవలెను. రెండవది: దారము మగ్గమెక్కక ముందే దాని పోగులను తెల్లగుడ్డతో కలిపి తడిపి చూడవలెను. మూడవది: ప్రతి చీరకును పట్టు, జరీ, మగ్గము ఎట్టివో తెలుపు చీటియు, దానిపై నేసినవాని పేరును ఉండవలెను. నాలుగవది: రంగు దిగినచో నష్టము రంగు వేయించినవారిదే గాని నేతగాని మజూరీది కారాదు. ఈ నాల్గవమాట వేదికపైనున్న కొందరు పెద్దలకు రుచింపక పోవచ్చును. వారిలో నా శిష్యులును కలరు. చిన్ననాడు నా బెత్తము నోర్చుకొనిరి. నేడు నా మాటను ఓర్చుకొందురు గాక!

ఈ పనులు నడచిన పిమ్మట యువకులు చాటింపు చేయుదురు గాక! చీటిలో నున్నదే వారు చెప్పవలెను. కొన్నవారి ఫిర్యాదులను తిరిగి రంగుశాలకు చేర్చు పనియు వారిదే. ఆ విద్య వారికి కలదు, మాకు లేదు.

క్రియాశక్తి ఒడయరు చెరువు కట్టించి, తన తల్లి ధర్మాంబ పేర ధర్మవరమును నిలిపెనని స్థలవృత్తాంతము. ముందు కట్ట గట్టిపడెను, నీరు నిలిచెను, ఆ వెనుక పేరు నిలిచెను. కట్టకు గండి పడినచో పేరు నీటిని ఆపజాలదు. "పేరు గొప్ప, ఊరు దిబ్బ" యని లోకులు మనల ననకుందురు గాక!

పద్మనాళపు తంతువులతో దేవతలకు వస్త్రములు నేసిన భావనాఋషి మన మూలపురుషుడని కులపురాణము. ఆ వస్త్రము చిరకాలము నిలిచినందుననే ఆయన పేరు నేటికిని చెప్పుకొనుచున్నాము. అట్టి పేరు మన బిడ్డలకు మిగులునట్లు ఈ తీర్మానమును అంగీకరింప ప్రార్థించుచు విరమించుచున్నాను.

స్వస్తి.