నీటిమట్టమునుబట్టి మోటారును నడుపుట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావింపబడిన ఉపన్యాసము)



అనంతపురపు సీమలో మట్టమును చూచి నీటిని విడుచుట క్రొత్త విద్య కాదు. బుక్కరాయసముద్రము, ధర్మవరము చెరువులు విజయనగర కాలమునాటివి. అట్టి చెరువులకు నీరుగంటి యుండెడివాడు. అతడు కట్టపై నడచి, నీటి యెత్తు చూచి, తూమును ఎత్తుటయో దించుటయో చేసెడివాడు. మరువ పారు దినమున ఒక లెక్క. నీరు అడుగంటిన దినమున వేరొక లెక్క. నేడు ఆ పనిని ఒక తేలెడు బంతియు, ఒక సిమ్‌కార్డును చేయుచున్నవి.

ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకు సంగతి సులభము. నీరు నిండగానే బంతి లేచి మీటను త్రిప్పును, మోటారు ఆగును. బోరు దూరమున నున్నచో తీగ లాగుట ఖర్చు గనుక, స్టార్టరు పెట్టెలో ఫోను సందేశమును గ్రహించు పరికరమును అమర్తురు. ఇందు రెండు జాగ్రత్తలు కలవు. ఆగెడి మట్టమునకును, మరల లేచెడి మట్టమునకును నడుమ తగిన ఎడముండవలెను. లేనిచో అల కదలినప్పుడెల్ల మోటారు లేచి, ఆగి చెడిపోవును. సందేశము అందనప్పుడు మోటారు ఆగవలెనే గాని నడచుచుండరాదు.

పొలముల సంగతి వేరు. రాత్రివేళ వచ్చు కరెంటు కొరకు చీకటిలో చేనికి పోయి పాముకాటునకు, విద్యుద్ఘాతమునకు గురియైన రైతులు కలరు. కావున ఆటోస్టార్టర్లు వచ్చినవి. అయితే లేచునపుడు మోటారు మామూలుకంటె ఐదారు రెట్లు కరెంటు లాగును. కరెంటు రాగానే ఊరి మోటార్లన్నియు ఒక్క క్షణమున లేచిన ట్రాన్స్‌ఫార్మరు ఏమి కావలెను? ఒక్కొక్క మోటారు కొన్ని నిమిషముల తేడాతో లేచునట్లు అమర్చుకొనుట ఇరుగుపొరుగువారు కలిసి చేసికొనదగిన పని.

అసలు చిక్కు ఇంకను క్రింద నున్నది. పైట్యాంకు నిండెనా యని చూచుకొను రైతు, బోరులో నీరున్నదా యని చూచుట మరచుచున్నాడు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానపడు ఈ సీమలో వేయి అడుగుల బోర్లు సైతము ఎండినవి. బోరులోని మోటారు చుట్టునున్న నీటివలననే చల్లబడును. నీరు దిగిన పిమ్మటను నడచిన కాలిపోవును. దానిని పైకి లాగి, చుట్టించి, మరల దింపులోపల చీనీ తోట వాడును. నీరు లేనప్పుడు మోటారు లాగు కరెంటు తగ్గును. ఆ తగ్గుటను కనిపెట్టి ఆపెడి పరికరములు అంగళ్లలో దొరకును. ఫోనుతో నడచునది కొనువాడు మొదట అడుగవలసినది ఇదియే.

2012 లో హంద్రీనీవా కాలువద్వారా శ్రీశైలపు నీరు జీడిపల్లికి చేరినది. అక్కడను ఇదే సూత్రము: మెట్టుమెట్టుగా నీటినెత్తు పంపులలో ఒకటి ఆగిన, వెనుకటి కాలువ మట్టమును చూచి వెనుకటి పంపును ఆపవలెను.

అయినను బోర్ల విషయమున ఏ పరికరమును చెప్పజాలని సంగతి యొకటి కలదు. ఒకడు తన మోటారు నాపినను, ప్రక్కచేని మోటారు నడచుచున్న నీరు దిగుచునే యుండును. 2003 తరువాత అనంతపురముతో కూడ ఏడు కరవు జిల్లాలలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, రైతులే బోర్ల మట్టమును కొలిచి, వ్రాసి, రబీ పైరునకు ముందు ఊరి నీటి లెక్క కట్టిరి. వరికి నీరు చాలదని తేలినచోట ఆరుతడి పైరుల మాట వచ్చెను.

ఈ గ్రంథాలయపు వరండాలో ఒక నల్లపలక నిలుపుటకు చోటున్నది. కొలత టేపు, సుద్దముక్క, పక్షమునకొకసారి ఇద్దరు యువకుల పూట పని చాలును. మొదటి కొలత ఈ వేసవికి ముందే వ్రాయవచ్చును.