పలుపు వదిలే ముందు పైకం చూసుకోవాలి
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం కొంచెం కొత్తది. ఇంటర్నెట్‌లో వ్యాపారానికి పెట్టుకున్న పేరును, అంటే డొమైన్ పేరును, మోసపోకుండా అమ్ముకోవడం ఎట్లా అన్నది. "మనకెందుకీ గొడవ" అని పెద్దలు కొందరు అనుకోవచ్చు. కాని చదువుకున్న మన పిల్లలు అత్తరు కొట్టుకు, టైలరింగ్ షాపుకు, బిర్యానీ హోటలుకు, ఉమ్రా ట్రావెల్స్‌కు పేర్లు నమోదు చేయించి వెబ్‌సైట్లు నడుపుతున్నారు. వ్యాపారం మానుకున్ననాడు ఆ పేరును అమ్ముకోవచ్చు. మంచి పేరు వేలు పలుకుతుంది, ఒక్కొక్కప్పుడు లక్షలు కూడా పలుకుతుంది. డబ్బు మసలే చోటికి దొంగ కూడా వస్తాడు గదా!

ముందు ఈ సరుకు ఎటువంటిదో తెలుసుకోవాలి. డొమైన్ పేరు ఇల్లూ పొలమూ వంటి ఆస్తి కాదు. రిజిస్ట్రార్ అనే సంస్థకు రుసుము కట్టి, గడువు తీరినప్పుడల్లా మళ్ళీ కట్టి నిలుపుకునే హక్కు అది. డాట్ కామ్ వంటి పేరును ఒక రిజిస్ట్రార్ నుండి మరొకరికి మార్చాలంటే ఒక రహస్య సంకేతం కావాలి. దానిని ఆథ్ కోడ్ అంటారు. సంతలో గేదెను అమ్మేవాడు పైకం లెక్కబెట్టుకున్న తరువాతే పలుపు చేతికిస్తాడు. ఈ బేరంలో ఆథ్ కోడే పలుపు. తాళం తీసి కోడ్ ఇచ్చిన తరువాత పేరు మీ చేయి దాటిపోతుంది. అది వేరే దేశపు రిజిస్ట్రార్ దగ్గరకు చేరితే తిరిగి రాబట్టుకోవడం బహు కష్టం.

డబ్బు సంగతి దీనికి తలక్రిందులు. వచ్చినట్లు కనిపించిన డబ్బు వెనక్కి పోవచ్చు. దొంగిలించిన క్రెడిట్ కార్డుతో కడితే, అసలు కార్డువాడు ఫిర్యాదు చేసిన రోజున ఆ సొమ్ము వెనక్కి లాగుతారు. పేపాల్‌లో కొన్నవాడు 180 రోజుల దాకా తగాదా లేవదీయవచ్చు. పోయిన పేరు తిరిగి రాదు, వచ్చిన డబ్బు తిరిగి పోగలదు. ఈ బేరంలోని మోసాలన్నీ ఈ ఒక్క తేడా మీదనే బతుకుతున్నాయి.

ఆ మోసాలలో ముఖ్యమైనవి చెబుతాను. మొదటిది, "డబ్బు జమ అయింది" అనే దొంగ మెసేజి. మెసేజిని, స్క్రీన్‌షాట్‌ను నమ్మవద్దు. మీ బ్యాంకు ఖాతా మీరే తెరిచి చూసుకోండి. రిజర్వు బ్యాంకు 2025లో మన బ్యాంకుల వెబ్‌సైట్లను డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే చిరునామాకు మారమన్నది. ఆ చివర చూసుకుంటే దొంగ బ్యాంకు సైటును పట్టుకోవడం సులువు.

రెండవది, "డబ్బు పంపుతున్నాను, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అనే మాట. యూపీఐలో డబ్బు పుచ్చుకోవడానికి పిన్ అక్కరలేదు. పిన్ అడిగాడంటే మీ డబ్బు పోబోతున్నదని అర్థం.

మూడవది, "పేరుకు విలువ కట్టించి సర్టిఫికెట్ తెండి, ఫలానా చోటనే కట్టించాలి" అనడం. మీరు రుసుము కడతారు, కొనేవాడు మాయమవుతాడు. ఆ విలువ కట్టేవాడూ వాడి మనిషే.

నాలుగవది, బేరమాడినవాడి పేరు ఒకటి, డబ్బు పంపినవాడి పేరు మరొకటి. ఇంకెవరినో మోసం చేసి తెచ్చిన సొమ్ము మీ ఖాతాలో పడితే, పోలీసు దర్యాప్తులో మీ ఖాతా స్తంభించిపోవచ్చు. అందుకని కొనేవాడి సొంత ఖాతా నుండి వచ్చే డబ్బునే ఒప్పుకోండి.

మరి దూరదేశపు మనిషితో బేరం ఎట్లా? మధ్యస్తుణ్ణి పెట్టుకోవాలి. ఎస్క్రో అంటే అదే. కొనేవాడు డబ్బును మధ్యస్తుని దగ్గర ఉంచుతాడు, మీరు పేరు బదిలీ చేస్తారు, కొనేవాడు అందిందంటాడు, మధ్యస్తుడు మీకు డబ్బు ఇస్తాడు. మన భాషలో అది అమానత్. అయితే దొంగ ఎస్క్రోలు కూడా ఉన్నాయి. కొనేవాడు పంపిన లింకు నొక్కి వెళ్ళవద్దు. పేరున్న సంస్థను మీరే ఎంచుకొని, దాని చిరునామా మీరే టైపు చేసి, లోపలికి వెళ్ళి డబ్బు చేరిందో లేదో కళ్ళారా చూడండి. రుసుము ఎవరు భరించాలో ముందే తేల్చుకోండి.

"ఇంత అనుమానం ముస్లిముకు తగునా?" అని ఎవరైనా అడగవచ్చు. సూరా అల్ బఖరా 282వ ఆయత్ ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైనది. అది గడువు పెట్టిన అప్పును రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని చెబుతుంది. రాసుకోవడం అవతలివాణ్ణి అవమానించడం కాదు, ఇద్దరినీ కాపాడడం. ధర, కరెన్సీ, గడువు, ఏ రిజిస్ట్రార్‌కు మార్చాలి, ఇవన్నీ కాగితం మీదకు రావాలి. బయానా తీసుకుంటే రశీదు ఇవ్వాలి.

అమ్మేవాడి ధర్మం కూడా ఉన్నది. ఇంకొకరి వ్యాపార ముద్రను పోలిన పేరును పట్టుకొని అమ్మజూడటం న్యాయం కాదు, చట్టానికీ నిలవదు. సత్యం ఇన్ఫోవే కేసులో, సిఫీ అన్న పేరును పోలిన సిఫ్ఫీ విషయమై, డొమైన్ పేరుకూ వ్యాపార ముద్రకున్నట్లే రక్షణ ఉన్నదని సుప్రీంకోర్టు 2004లో తేల్చింది. పేరులో లోపం ఉంటే చెప్పి అమ్మాలి. కొత్తగా నమోదైన డాట్ కామ్ పేరు సాధారణంగా 60 రోజుల దాకా మరో రిజిస్ట్రార్‌కు కదలదు. అది కూడా దాచకూడదు.

మరొక్క మాట జ్ఞాపకం ఉంచుకోండి. పేరు అమ్మితే ఆ పేరు మీద ఉన్న ఈమెయిళ్ళు కూడా కొన్నవాడి చేతికి పోతాయి. మీ బ్యాంకుకు, జీఎస్టీకి ఆ ఈమెయిలే ఇచ్చి ఉంటే, పాస్‌వర్డ్ మార్చే ఉత్తరం అతనికే చేరుతుంది. అమ్మే ముందే అన్నిచోట్లా ఈమెయిలు మార్చుకోండి.

ఇంత చేసినా మోసం జరిగితే సిగ్గుపడి ఊరుకోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు రాయండి, బ్యాంకుకూ రిజిస్ట్రార్‌కూ అదే గంటలో తెలపండి. దొంగ ఆ సొమ్మును మరో ఖాతాకు దాటించేలోగా ఆపగలిగితేనే దక్కుతుంది. ఇంట్లో పిల్లవాడు మోసపోయి వస్తే ముందు తిట్టకండి. తిట్లకు భయపడి వాడు దాచిన ఒక్క రాత్రిలో డబ్బు పది చేతులు మారుతుంది.

మన సంఘంలో ఈ సంగతులు తెలిసిన యువకులు ఉన్నారు. బేరం కుదిరిన తరువాత కాదు, కోడ్ ఇవ్వక ముందు వారిలో ఒకరిని అడగండి. మన కష్టార్జితంలో అల్లాహ్ బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్. ఖుదాహాఫిజ్.