ట్రాక్టరు గ్రాపిల్ పళ్ళు: వాని తారతమ్యము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)

 

దంతె పళ్ళ ఎడమును బట్టి దాని పని యుండునని మన రైతులకు చెప్పనక్కరలేదు. ట్రాక్టరు ముందున లోడరు చేతులకు తగిలించు గ్రాపిల్‌కును సూత్రమదియే. క్రింద పళ్ళవరుస, పైన నూనె వత్తిడితో మూసికొను దవడ. ఇంతే దాని నిర్మాణము. కొనువారు వెలను, రంగును చూతురు. ముందుగా చూడవలసినవి పళ్ళు.

మొదటిది ఎడము. నరికిన సర్కారు తుమ్మ మోడునుండి మరల చిగిర్చును. కనుక వేరుతో తీయవలెను. ఆ కంపను, వేళ్ళను ప్రోగుచేయుటకు పళ్ళనడుమ 6 మొదలు 9 అంగుళముల ఎడము తగును. మన్ను సందులలో జారి చేనిలోనే నిలుచును. అడుగు మూసిన బకెట్టు రకముతో చేసినచో కంపతోపాటు పైమన్నును గట్టు చేరును. ఏండ్ల తరబడి పెంట తోలి సంపాదించిన సారము ఆ మన్నుననే కదా ఉన్నది! అయితే చివికిన పెంటకు, చిన్న రాళ్ళకు బకెట్టు రకమే మేలు.

రెండవది వంపు. ముందుకు సాగిన పొడుగు పళ్ళు కంప క్రిందికి సులువుగా దూరును; కాని బరువు ట్రాక్టరుకు దూరమై ముందుకు లాగును. కొడవలివలె వంగిన పొట్టి పళ్ళు బరువును దగ్గరగా పొదివి పట్టును. దుంగలకు, చెరకు కట్టలకు అవి అనుకూలము. లోతైన తల్లివేరును పెకలించుట మాత్రము చిన్న ట్రాక్టరు పని గాదు. బలవంతము చేసినచో పన్ను వంగును.

మూడవది దవడ. ఒకే దవడ లావు మొద్దుపై ఆగినచో రెండవవైపు కంప జారును. విడివిడిగా కదలు రెండు దవడలు ఎగుడుదిగుడు బరువును బిగించును. వెలయు హెచ్చు, బరువును హెచ్చు.

ఈ బరువు మరువరాదు. లోడరు 500 కిలోలు ఎత్తునదై, గ్రాపిలే 180 కిలోలున్నచో, మిగులునది 320 మాత్రమే. వెనుక ప్రతిభారము లేక, పచ్చిమొద్దును పైకెత్తి గట్టు దాటినచో ట్రాక్టరు తిరుగబడవచ్చును, పోవునది ప్రాణము. బరువును నేలకు దగ్గరగా ఉంచి నడుపవలెను. ఎత్తిన చేతుల క్రింద ఎవరును నిలువరాదు.

ఇంటికొకటి కొననక్కరలేదు, పదిమంది కలసి కొనవచ్చును. ఏ పనికి, ఏ నేలకు, ఏ ట్రాక్టరుకు అను మూడు ప్రశ్నలకు ముందుగా జవాబు వ్రాసికొనుడు. వాడిన పిమ్మట అనుభవమునుగూడ చేర్చి ఆ కాగితమును ఈ గ్రంథాలయమున ఉంచుడు. తరువాత కొనువానికి అదియే గ్రంథమగును.