పుస్తకంలోని తలాక్, తీర్పులోని తలాక్



జనగామలోనైనా, మహబూబాబాద్‌లోనైనా, భూపాలపల్లిలోనైనా మన ఇంటి తగవు కోర్టుకెక్కితే వకీళ్లు ఎక్కువగా తెరిచేది ముల్లా గ్రంథమే. పేరు చూసి మౌల్వీగారనుకోకండి. దిన్‌షా ఫర్దూన్‌జీ ముల్లా బొంబాయికి చెందిన పార్సీ న్యాయవేత్త. అంతకు చాలా ముందే, 1791లో, చార్లెస్ హామిల్టన్ హిదాయాను ఇంగ్లీషులోకి తెచ్చాడు. అది వారెన్ హేస్టింగ్స్ చేయించిన పని. ముల్లా పాండిత్యాన్ని నేను శంకించను. కానీ కంపెనీ పాలనకు కావలసింది ఒక్క వాక్యంలో తేలిపోయే సూత్రం. భర్త కారణం చెప్పకుండానే తలాక్ ఇవ్వవచ్చునన్న మాట అలా పుస్తకాలలో స్థిరపడింది. ఇరువైపుల నుండి ఒక్కొక్క మధ్యవర్తిని నియమించమన్న సూరా నిసా 35వ ఆయత్ మరుగున పడింది. ముద్రణ వెంట ముద్రణ వచ్చింది. పాలకుని దృష్టే శాస్త్రమైంది.

కేరళ హైకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్, గౌహతిలో జస్టిస్ బహరుల్ ఇస్లాం ఈ భావనను ఖండించారు. 2002లో షమీమ్ ఆరా కేసులో సుప్రీంకోర్టు వారితో ఏకీభవించింది. తలాక్‌కు సహేతుకమైన కారణం ఉండాలి, ముందుగా రాజీ ప్రయత్నం జరగాలి; ఎప్పుడో ఇచ్చేశానని కౌంటరులో రాసినంత మాత్రాన అది తలాక్ కాదు. 2017 నాటి ట్రిపుల్ తలాక్ తీర్పును టీవీలు ఊరూరా చాటాయి. పదిహేనేళ్ల ముందరి ఈ తీర్పు మాత్రం మన ఇళ్లకు చేరనే లేదు.

మనోవర్తి కేసులో భర్త తరఫువారు పాత సూత్రం చదివితే, మన ఆడబిడ్డ తరఫు వకీలు చేత షమీమ్ ఆరా తీర్పు పూర్తి ప్రతిని దాఖలు చేయించండి.