బండి వయసు, బండి మీద మోజు
(ఇందిరాపురంలో జరిగిన మన తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"మీకిష్టమైన విషయం మీద పది నిమిషాలు మాట్లాడండి సార్" అన్నారు కార్యదర్శిగారు. నాకిష్టమైన విషయం ఒక్కటే, కార్లు. అయితే మనలో చాలామంది ఇళ్ళ ముందు ఒక పాత బండి ఉంది. దాన్నేం చేయాలన్న బెంగ కూడా ఉంది. అందుకని రెండూ కలిపి మాట్లాడతాను.

మాది అద్దంకి దగ్గర పల్లెటూరు. నాకు ఐదేళ్ళప్పుడు నాయనమ్మకు జబ్బు చేస్తే డాక్టరుగారు అంబాసిడర్‌లో వచ్చారు. ఆయన లోపల నాయనమ్మ నాడి చూస్తుంటే నేను బయట బానెట్ మీద చెయ్యి వేసి చూశాను. వెచ్చగా ఉంది. దానికీ ప్రాణం ఉందనుకున్నాను. ఆ తర్వాత తాటికాయల బండి తోలినా నోటితో అంబాసిడర్ చప్పుడే చేసేవాణ్ణి. "వీడికి పుస్తకం చూస్తే నిద్ర, చక్రం చూస్తే మెలకువ" అనేది మా అమ్మ.

ఆ పిచ్చే నన్ను 1978లో సికింద్రాబాద్ ఈఎంఈ సెంటర్‌కు చేర్చింది. వెహికల్ మెకానిక్‌గా ట్రేడ్ దొరికింది. ఇష్టమైన పనికి జీతం కూడా ఇస్తారంటే ఇంకేం కావాలి! జబల్‌పూర్‌లో తయారైన శక్తిమాన్, జోంగా బండ్ల కింద పడుకుని ఎన్ని చలికాలాలు గడిపానో లెక్కలేదు. తర్వాత జిప్సీలు వచ్చాయి. 2006లో సుబేదారుగా రిటైరైన ఏడాదే, డిసెంబరులో, వచ్చిన డబ్బులో కొంత పెట్టి మారుతి 800 కొన్నాను. 796 సీసీ, మూడు సిలిండర్లు. సొంత పేరు మీద మొదటి బండి. ఆయిల్ మార్చడం మొదలు బ్రేకుల దాకా అన్నీ నేనే చూసుకునేవాణ్ణి. వేరే మెకానిక్ చెయ్యి దాని మీద పడనివ్వలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్ చెప్పింది. పదేళ్ళు దాటిన డీజిల్, పదిహేనేళ్ళు దాటిన పెట్రోల్ బండ్లు ఎన్‌సీఆర్ అంతటా నడవకూడదని 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. మన గాజియాబాదూ అందులోదే. అంటే నా బండికి 2021 డిసెంబరుతో గడువు తీరుతుంది.

మొదట నాకు కోపమే వచ్చింది. ఆర్మీలో బండి వయసూ, తిరిగిన కిలోమీటర్లూ రెండూ చూస్తారు. ఆపైన టెక్నికల్ ఇన్‌స్పెక్షన్ చేసి, ఇక లాభం లేదంటేనే కండెమ్ చేస్తారు. ఇక్కడ వయసొక్కటే చూస్తున్నారే అనుకున్నాను. మనల్నీ వయసు చూసే ఇంటికి పంపారు కదా, బండికి వేరే న్యాయం ఉంటుందా అంది మా ఆవిడ!

ఆ నవంబరులో మా మనవడికి ఆయాసం వచ్చింది. రాత్రిపూట నెబ్యులైజర్ పెట్టి కూర్చునేవాళ్ళం. అప్పుడు మెకానిక్ బుర్రతో ఆలోచించాను. నా బండి పీయూసీలో ఎప్పుడూ పాసే. కానీ పెట్రోల్ బండికి ఆ పరీక్షలో చూసేది కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు. నైట్రోజన్ ఆక్సైడ్లు చూడరు. నాది బీఎస్-3 బండి. ఆ ప్రమాణంలో పెట్రోల్ కారు కిలోమీటరుకు 0.15 గ్రాముల నైట్రోజన్ ఆక్సైడ్లు వదలవచ్చు. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా వచ్చిన బీఎస్-6లో 0.06 గ్రాములే.

సోదరులారా, నలభై ఏళ్ళు స్పానర్ పట్టిన వాడిగా ఒక మాట చెబుతాను. మనం ఎంత బాగా చూసుకున్నా, బండి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజున ఎలా ఉందో అలా ఉంటుంది. అంతకన్నా మెరుగవదు. మెయింటెనెన్స్ అరుగుదలను ఆపుతుంది గాని, డిజైన్‌ను మార్చలేదు. ఢిల్లీ గాలి పాడవడానికి దుమ్ము, పొలాల్లో పొగ, ఫ్యాక్టరీలు, ఇంకా చాలా కారణాలున్నాయి. నా ఒక్క బండి ఆపితే ఆకాశం నీలంగా మారిపోదు. కానీ నా చేతిలో ఉన్నది నా బండే.

ఎన్‌ఓసీ తీసుకుని అద్దంకి పంపమన్నారు కొందరు. అక్కడా పిల్లలున్నారు కదా అనిపించింది. నోయిడాలో అనుమతి ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి నేనే నడుపుకుంటూ వెళ్ళి ఇచ్చాను. ఇంజను ఆపేముందు ఒక్క నిమిషం ఐడ్లింగ్ విన్నాను. ఎక్కడా తేడా లేదు. బానెట్ మీద చెయ్యి వేసి, దిగి వచ్చేశాను. కళ్ళు తడవలేదని చెప్పను.

తర్వాత చట్టమూ కొంత మారింది. 2025 ఆగస్టులో వయసు ఒక్కటే చూసి చర్యలు తీసుకోవద్దన్న సుప్రీంకోర్టు, డిసెంబరులో ఆ రక్షణను బీఎస్-4, ఆపై బండ్లకే పరిమితం చేసింది. వయసుతో పాటు ప్రమాణాన్నీ చూడటం నాకు సబబుగా తోచింది. కాబట్టి ఇంటికి వెళ్ళగానే మీ ఆర్‌సీ తీసి, రిజిస్ట్రేషన్ తేదీతో పాటు బీఎస్ ఎంతో కూడా చూసుకోండి. స్క్రాప్‌కు ఇస్తే అనుమతి ఉన్న కేంద్రంలోనే ఇచ్చి, డిపాజిట్ సర్టిఫికెట్ తప్పకుండా తీసుకోండి. బండి పేరు రికార్డుల నుంచి తీసేశారో లేదో కూడా చూసుకోండి. కొత్త బండి పన్నులో రాయితీకి ఆ సర్టిఫికెట్టే ఆధారం.

మరి మోజు పోయిందా అంటే, పోలేదు. హైదరాబాద్ వెళ్ళినప్పుడల్లా చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి 1912 నాటి రోల్స్ రాయిస్ ముందు నిలబడతాను. యాభై ఏళ్ళు దాటిన బండ్లను వింటేజ్‌గా రిజిస్టర్ చేసేందుకు 2021లో నిబంధనలు వచ్చాయి. అలాంటివి బతకాలి, మన పిల్లలు చూడాలి. రోజూ తిరగడానికి మాత్రం నాకిప్పుడు సెక్టర్ 62 మెట్రో చాలు. నా స్పానర్ సెట్ ఇంట్లోనే ఉంది. ఆదివారం ఎవరి బండిలోనైనా వింత చప్పుడు వస్తే మొహమాటపడకుండా పిలవండి. చెవి ఇంకా పనిచేస్తోంది.

 జై హింద్!